గుడాలు ఉడకలె

మా సైదులన్న కల్లు కాంపౌండు మూతపడి ఏండ్లయింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కోడళ్ళకు అది ఎక్కడుండేదో కూడా తెలియదు. ఫోన్‌లో ఉండే మ్యాపుకు మాత్రం ఇంకా గుర్తుంది. మొన్న దూరపు గిరాకీ ఒకాయన "నీ దుకాణం లొకేషన్ పెట్టన్నా" అంటే, అదెట్లా పెట్టాలో తెలియక మ్యాపును వేళ్ళతో అటు లాగి ఇటు లాగి చివరికి ఊరి బయటకు పోయి పడ్డాను. రోడ్డు పక్కన చిన్న గుర్తు, దాని పక్కన కాంపౌండు పేరు, కింద ఎర్రటి అక్షరాలతో 'శాశ్వతంగా మూసివేయబడింది' అని కనబడింది. ఆ కాంపౌండుకు బోర్డు ఉండేది కాదు, తలుపు కూడా ఉండేది కాదు. తలుపే లేనిదాన్ని శాశ్వతంగా ఎట్లా మూశారో ఆ రాసినవాళ్ళకే తెలియాలి.

కింద జనం అభిప్రాయాలు రాశారు. ఒకాయన 'ఫ్యాన్లు లేవు, పార్కింగ్ చాలా ఉంది' అని మూడు స్టార్లు ఇచ్చాడు. పార్కింగ్ మాట నిజమే, చుట్టూ ఉన్నదంతా పడావు భూమి. ఇంకొకాయన 'మేక నా గుడాలు తిన్నది, ఓనరు నవ్విండు' అని ఒక్క స్టార్ ఇచ్చాడు. గుడాలంటే ఉడకబెట్టి తాలింపు పెట్టిన శనగలు, అలసందలు. కల్లుకు అవే జోడి. మూడో ఆయన బాధ వేరు. 'తాగినంక ఇంటికి సక్కగ నడిచి పోయిన. మత్తు లేదు. దండుగ' అన్నాడు. సైదులన్న కల్లులో ఏమీ కలపడని ఇంత గట్టిగా సాక్ష్యం చెప్పినవాడు ఇంకొకడు లేడు, కానీ ఆయన కూడా ఇచ్చింది ఒక్క స్టారే. ఎవరో మాటా పలుకూ లేకుండా ఐదు స్టార్లు ఇచ్చారు, సైదులన్న అల్లుడై ఉంటాడు. అందరికంటే చివర రాసిన మనిషి 'ఇక్కడ గజం ఎట్ల పోతాంది?' అని అడిగాడు.

అన్నీ చదివాను. ఉండవలసిన అభిప్రాయం ఒక్కటి లేదు. అది ఉండదని నాకు తెలుసు. ఆ మనిషి దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అది కూడా ఎవరన్నా చేస్తే ఎత్తి "ఇనవడ్తలేదు" అనడానికే వాడేవాడు. అయినా ఆ కాంపౌండు గురించి ఆయన ఏమీ చెప్పకుండా అభిప్రాయాలు పూర్తయ్యాయంటే నేను ఒప్పుకోను.

ఆయన పేరు రాయను. రాస్తే, పేరు తప్పు రాశావని పైనుంచి కూడా వంక పెడతాడు.

నాది కట్టంగూర్‌లో మోటర్లు చుట్టే దుకాణం. బోరు మోటరు కాలిపోయినప్పుడు రైతులు దాన్ని బండి మీద వేసుకొని ఏడుపు ముఖంతో వస్తారు. ఆయన మాత్రం కోపంగా వచ్చేవాడు. కాలింది ఆయన పొలంలో, కరెంటు ఎక్కువ తక్కువలకు. కోపం నా మీద.

"అల్లుడూ, నువ్వు సుట్టిన మోటరు నీళ్ళయితే పోస్తాంది గని, మూలుగుతాంది."

"మోటరన్నంక చప్పుడు రాదా మామా?"

"చప్పుడు వేరు, మూలుగుడు వేరు. దవాఖానల పండుకున్నట్టు మూలుగుతాంది."

నాకు ఆయన ఏ వరసా కాడు. పిలుపుకు మామ. ఆయనకు ఊరి పక్కన బత్తాయి తోట ఉండేది. ఆ బత్తాయిలు తినమని ఇచ్చి, మనం తింటుంటే ముఖం చూస్తూ "పుల్లగున్నయ్ గదా" అనేవాడు. తియ్యగా ఉన్నాయంటే నమ్మేవాడు కాదు. పెండ్లి భోజనాల దగ్గర కూర్చుంటే వడ్డించేవాళ్ళు ఆయన పంక్తికి వచ్చేసరికి గరిటె గట్టిగా పట్టుకునేవాళ్ళు. పప్పులో ఉప్పు, పులుసులో పులుపు, విస్తరిలో చిల్లు, ఏదో ఒకటి దొరకాలి. దొరికేది. అయినా పిలవని పెండ్లి లేదు. పిలవకపోతే అది వేరే వంక.

ఒకసారి ఆయనకు నా మీద మరీ కోపమొచ్చి మోటరును నకిరేకల్‌లో ఇంకో దుకాణానికి తీసుకుపోయాడు. పోనీలే, పీడ వదిలిందనుకున్నాను. తర్వాత ఎక్కడో కలిస్తే అడిగాను, ఎట్లా చేశాడని. "మంచిగ చేసిండు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేండ్లు నా చేతి పని మీద ఒక్క మంచి మాట రాలేదు, వాడెవడో ఒక్కసారి చుడితే వచ్చింది. కానీ మళ్ళీ మోటరు కాలినప్పుడు బండి నా దుకాణం ముందే ఆగింది. అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే సైదులన్నకు అంత కష్టం తప్పేది.

కాంపౌండు గురించి చెప్పాలి. ఊరి బయట తాటివనం, ఆ వనం మొదట్లో ఒక వేపచెట్టు, వేపచెట్టుకు ఆనించి తాటికమ్మల పందిరి. కూర్చోవడానికి రాళ్ళు. ఎవరి రాయి వాళ్ళకు ఉండేది, కొత్తవాళ్ళు నిలబడి తాగేవాళ్ళు. నీళ్ళకు ఒక నీలం డ్రమ్ము, కల్లుకు కుండలు, తాగడానికి తాటాకు రేకలు. గాజు గ్లాసులు పెట్టమని పిల్లలు చెప్పి చూశారు గానీ సైదులన్న "గ్లాసుల తాగేటందుకు మీకేమన్న జ్వరమొచ్చిందా" అన్నాడు. గుడాలు ఆయన భార్య వండేది. మేక ఎవరిదో ఎవరికీ తెలియదు.

పొద్దున సైదులన్న మోకు భుజాన వేసుకొని తాటిచెట్లెక్కి కల్లు నిండిన లొట్లు దించేవేళకు మామ వచ్చి తన రాయి మీద కూర్చునేవాడు. కూర్చునే ముందు తువ్వాలతో రాయిని దులిపేవాడు. మొదటి రేక ఆయనకే. అందుకొని, ఎండకు పట్టి చూసి, చీమ ఉందో లేదో వెతికేవాడు. ఉంటే చీమ ఉందని తిట్టేవాడు. లేకపోతే "చీమలు గూడ ముట్టలె సూడు" అనేవాడు. వేలు ముంచి ఎల్లమ్మ పేరు చెప్పి నేల మీద చిలకరించేవాడు. తర్వాత పెదవి ఎత్తకుండా చివరి చుక్క వరకు తాగేవాడు. తాగి నాలుకతో చప్పుడు చేసి, మూతి తుడుచుకొని, కొంచెంసేపు వేపచెట్టును చూసేవాడు. ఆ కొంచెంసేపూ మిగతావాళ్ళు కూడా మాట్లాడేవాళ్ళు కాదు. సైదులన్న అయితే కుండ మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడేవాడు.

"ఇది కల్లా, కడుగా?" అనేవాడు మామ. బియ్యం కడిగిన నీళ్ళను మా దిక్కు కడుగు అంటాం, గొడ్లకు పోస్తాం.

సైదులన్న ఊపిరి వదిలేవాడు. "కల్లే కాకా. ఎల్లమ్మ తోడు, సుక్క నీళ్ళు కల్పలె."

"కల్పలేదా? మరి గింత పల్చగ ఎందుకున్నది? సరే, పొయ్యి ఇంకింత. గుడాలు గూడ ఉడకలె."

"గుడాలకేమైంది? మెత్తగ ఉడికినయ్. నీ పండ్లే ఊగుతున్నయ్, పోయి సూపిచ్చుకో."

రోజూ ఇదే. మాటలు కూడా పెద్దగా మారేవి కావు. ఎండాకాలం అయితే "పులిసింది", చలికాలం అయితే "ఇంక పులవలె". ఒకరోజు సైదులన్న కొత్త కుండ తెచ్చాడు. "కుండ వాసనొస్తాంది" అన్నాడు మామ. పాత కుండకు మార్చాడు. "గీ కుండ ఎన్నటిదిరా, మీ తాతదా?" అన్నాడు. మేమంతా నవ్వేవాళ్ళం. సైదులన్న కూడా నవ్వేవాడు, కానీ ఆయనకు అది లోపల గుచ్చుకునేదని మాకు తర్వాత తెలిసింది. ప్రాణం అరచేతిలో పెట్టుకొని అంత ఎత్తు ఎక్కి దించే మనిషి. ఊళ్ళో నాలుక అంటే మామ నాలుకే అని అందరికీ నమ్మకం. ఆ నాలుక మీదికి 'మంచిగున్నది' అనే మాట ఒక్కసారి రావాలని ఆయన కోరిక. ఇంకే కోరికా లేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత రోడ్డు మీద హోటళ్ళు పెరిగాయి, హోటళ్ళ నడుమ ఒక బారు లేచింది. అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, పట్టపగలు కూడా చీకటి. మామ అన్న కొడుకొకడు హైదరాబాదులో ఉంటాడు. వాడు వచ్చినప్పుడు "ఎప్పుడూ ఆ రాళ్ళ మీదేంది చిన్నబాపూ" అని ఆయన్ను బండెక్కించుకొని అక్కడికి తీసుకుపోయాడు. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, సీసా తెప్పించి, వేయించిన జీడిపప్పు తినిపించాడు. మరునాడు పొద్దున కాంపౌండు దగ్గర అందరం ఎదురుచూశాం. ఆ సోఫాకు, ఆ గాలికి, ఆ జీడిపప్పుకు ఎన్నెన్ని వంకలు వస్తాయో అని మాకు ఆశ.

"ఎట్లున్నది కాకా?" అని సైదులన్నే అడిగాడు.

"మంచిగున్నది" అన్నాడు మామ.

అంతే. రేక అందుకొని, ఎండకు పట్టి, "ఇయ్యాల మడ్డి ఎక్కువున్నది" అన్నాడు.

సైదులన్న ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ పూట గుడాలు ఎవరికి ఎన్ని పెట్టాడో ఆయనకే తెలియదు, మేక మాత్రం కడుపునిండా తిన్నది. జనం తగ్గిన తర్వాత నా పక్కన కూర్చొని అన్నాడు.

"తమ్మీ, ఇన్నేండ్లు నా తావుల తాగి ఒక్కనాడు అనలె. ఆడ ఒక్క పొద్దు కూసుంటే అన్నడు. అంటే నేను ఇన్నొద్దులు పోసింది కడుగేనా?"

"ఆయన మాటకేముందన్నా, ఊకో" అన్నాను.

"ఊకోను. ఎల్లమ్మ తోడు చెప్తున్న. ఆ మాట నా తావుల ఆయిన నోట అనిపిస్త. అనిపియ్యకపోతే మోకు దించి ఇంట్ల కూసుంట."

గౌడన్న ఎల్లమ్మ మీద ఒట్టు పెట్టుకొని మోకు దించుతానన్నాడంటే అది నవ్వులాట కాదు. ఆ మోకే బువ్వ పెట్టేది. నాకు నిజంగా భయమేసింది. ఒకవైపు మామ నాలుక, ఇంకోవైపు సైదులన్న ఒట్టు. నాలుక ఓడిపోయే రకం కాదు.

అప్పటినుంచి సైదులన్న చేయని పని లేదు. వనంలో అన్నిటికంటే తియ్యగా పారే తాటిచెట్టు ఒకటుంది, దాని కల్లు విడిగా ఒక లొట్టిలో మామకే ఉంచాడు. "తియ్యగున్నది, షర్బతా ఇది?" అన్నాడు మామ. గుడాలకు బదులు బోటి వండించాడు. "గుడాలేవి?" అన్నాడు. ఆయన రాయి మీద బస్తా మడిచి మెత్తగా వేశాడు. మామ దాన్ని తీసి పక్కకు పెట్టి, "నాకేమన్న మూలశంకనా?" అన్నాడు. సైదులన్న చిక్కిపోతున్నాడు. తాళ్ళెక్కేటప్పుడు ధ్యాస ఎక్కడుందోనని ఆయన భార్యకు ఫికర్ పట్టుకుంది. నాకు కబురు పంపింది, మీ మామకు మీరన్నా చెప్పండని.

చెబుదామనే పోయాను. మామ తోటకు పోయి ఉన్నాడు. అత్త ఒక్కతే వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నది. విషయం చెప్పాను. బారు సంగతి, ఒట్టు సంగతి అంతా విన్నది. విని, గింజలు తీయడం ఆపకుండా అన్నది.

"పిచ్చోడు సైదులు. ఆయిన మంచిగున్నదన్నడంటే ఆ తావుకు ఇగ పోడన్నట్టు."

"అదేందత్తా?"

"అదంతే బిడ్డా. పెండ్లయిన కొత్తల మా యారాలు, మా బావ పెండ్లాం, పచ్చిపులుసు జేసి పెడితే మంచిగున్నదన్నడు. నా పులుసుకు ఎన్నడు అనలె. నాకు ఏడుపొచ్చింది. గని తర్వాత జూస్తే, మల్ల ఆమె పులుసు నోట వెట్టలె. నా పులుసుకు ఇయ్యాల్టిదాంక వంక వెడ్తనే ఉన్నడు, జుర్రుతనే ఉన్నడు. నచ్చకుంటే ఎందుకు లొల్లి, మంచిగున్నదని లేసి రావాలె అంటడు. మల్ల పోయే తావుకే గదా వంక వెట్టేది?"

 నకిరేకల్ మోటరు దుకాణం గుర్తొచ్చింది. కట్టంగూర్‌లో అద్దాలన్నీ మార్చి కొత్తగా తెరిచిన మంగలి షాపు గుర్తొచ్చింది, మామ ఒకసారి పోయి "మంచిగ గీసిండు" అన్నాడు. తర్వాత మళ్ళీ ఊళ్ళో చెట్టు కింద పాత మంగలాయన ముందు కూర్చొని కత్తికి పదును లేదని తిడుతున్నాడు. బారుకు కూడా మళ్ళీ పోలేదు. అన్న కొడుకు ఎంత పిలిచినా "ఎందుకురా, మంచిగున్నది గదా" అన్నాడట.

"మరి నీకు బాధనిపియ్యదా అత్తా?"

"ఎందుకు బాధ? ఉప్పు తక్కువైందన్ననాడు నాకు నిమ్మలం" అన్నది అత్త. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో సిగ్గు కూడా ఉంది.

పరుగున వచ్చి సైదులన్నకు చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు, మామ ఎవరెవరిని మంచిగున్నదన్నాడో, మళ్ళీ ఎక్కడెక్కడికి పోలేదో. లెక్క చూస్తూ చూస్తూ ఆయన ముఖం వెలిగింది. అంతలోనే నల్లబడింది.

"ఓరి తమ్మీ, మరి నా ఒట్టు?"

నిజమే. ఆ మాట అనిపించకపోతే మోకు దించాలి. అనిపిస్తే మామ రాడు. ఇద్దరం కూర్చొని ఎంత ఆలోచించినా దారి కనబడలేదు. చివరికి ఆ ఆదివారం సైదులన్న ఎల్లమ్మకు ఒక కోడిని కోసి, కల్లు సాక పోసి, తెలియక పెట్టిన ఒట్టు వెనక్కి ఇప్పించమని మొక్కుకున్నాడు. కోడి కూరకు మమ్మల్నందరినీ పిలిచాడు. మామ కారం ఎక్కువైందన్నాడు. సైదులన్న ఆ మాటకు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వితే, మామ "నేనేమన్న నవ్వులకన్ననా?" అని కోపం చేశాడు.

ఆ తర్వాత రోజులు బాగా గడిచాయి. బాగా అంటే, మామ రోజూ తిట్టేవాడు. ఫరక్ ఒక్కటే. ఇంతకుముందు మామ రేక దించి వేపచెట్టును చూస్తున్నప్పుడు, ఆ మాట వస్తుందేమోనని సైదులన్న ఆశపడేవాడు. ఇప్పుడు అదే మాట వస్తుందేమోనని భయపడేవాడు. మామ తాగి కొంచెం ఎక్కువసేపు పలకకపోతే చాలు, "గుడాలు ఎట్లున్నయ్ కాకా, ఉడకలేదా?" అని తనే అందించేవాడు.

కాంపౌండు పోవడానికి మామ కారణం కాదు. తాటివనం ఉన్న భూమి సైదులన్నది కాదు, పట్నంలో ఉండే పట్టాదారుది. ఆయన దాన్ని ప్లాట్లు చేసి అమ్మే వెంచరుకు ఇచ్చేశాడు. తాళ్ళ మధ్య ఎర్ర రంగు కర్రలు పాతారు. జేసీబీ వస్తుందని కబురొచ్చింది. సైదులన్న కల్లుగీత సంఘంవాళ్ళతో కలిసి తిరగవలసిన ఆఫీసులన్నీ తిరిగాడు, అందరూ మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆఫీసుల నుంచి వచ్చిన రోజు సైదులన్న మాతో అన్నాడు, "అందరు మంచిగనే మాట్లాడిండ్రు తమ్మీ. ఇగ కాదు." మామ మాటతీరు ఆయనకు అప్పటికే బాగా వంటబట్టింది.

చివరి రోజు కాంపౌండుకు ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. బారులో కూర్చునే కుర్రాళ్ళు వచ్చి ఫొటోలు దిగారు. తాగి తాగి ఒక్కొక్కరూ సైదులన్న చేతులు పట్టుకొని "నీ కల్లు లెక్క ఏడ లేదన్నా, మస్తుగుండె" అన్నారు. అన్ని రోజులూ ఇటు దిక్కు చూడనివాళ్ళే. సైదులన్న తల ఊపుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం మామ రాయి మీదే. మామ రాయి దులిపి కూర్చున్నాడు. రేకను ఎండకు పట్టాడు. ఎల్లమ్మకు చిలకరించాడు. పెదవి ఎత్తకుండా తాగాడు. వేపచెట్టును చూశాడు. ఆ రోజు చాలాసేపు చూశాడు.

నా పక్కన నిలబడ్డ సైదులన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు మచ్చ పడింది.

మామ మూతి తుడుచుకున్నాడు. "పల్చగున్నది" అన్నాడు. "రేపన్న జర మంచిది పెట్టు."

రేపు లేదని ఆయనకు తెలుసు. జేసీబీ అప్పటికే రోడ్డు మీద ఆగి ఉంది. సైదులన్న "సరే కాకా, రేపు మంచిది పెడ్త" అని పందిరి వెనక్కి పోయి ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, అందరూ తాగి ఉన్నారు గనక ఎవరూ పట్టించుకోలేదు.

పెడతానన్నాడు గనక సైదులన్న పెట్టాడు. వాగు ఒడ్డున ఎవరిదో పొలం గట్టు మీద నాలుగైదు ఈతచెట్లు అడిగి తీసుకున్నాడు. మరునాటి నుంచే చిన్న లొట్టిలో ఈతకల్లు, ఒక గిన్నెలో గుడాలు పట్టుకొని మామ ఇంటికి పోయేవాడు. తిరిగి వచ్చి వెంచరు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చునేవాడు. తాటివనం కొట్టించిన వెంచరువాళ్ళే ఆ పని ఇచ్చారు. మామ రాయిని కూడా ఆటోలో వేసుకుపోయి వాళ్ళ వాకిట్లో దించాడు.

"ఇది నా రాయి గాదు" అన్నాడు మామ.

"నీదే కాకా."

"నాదయితే ఇట్లెందుకు గుచ్చుకుంటది? తిప్పి ఏసినవ్. జరుపు."

సైదులన్న, నేను కలిసి ఆ రాయిని నాలుగు దిక్కులకూ తిప్పాం. ఏ దిక్కూ కుదరలేదు. కానీ ఆయన దాని మీదనే కూర్చున్నాడు, పండుకోవలసిన ఆరోగ్యం వచ్చేదాకా దాని మీదనే కూర్చున్నాడు. తాటికల్లు తాగిన నోటికి ఈతకల్లు ఏం ఆనుతుందని రోజూ తిట్టాడు. సైదులన్న రోజూ పోయాడు. వానలో కూడా పోయాడు. వానలో పోతే "నీళ్ళు కలిసినయ్" అన్నాడట. ఆ రోజు మాత్రం అది నిజమని సైదులన్నే చెప్పాడు.

మామకు ఊపిరి అందకపోవడం మొదలైంది. నల్లగొండ దవాఖానలో కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి తీసుకుపోండని పంపారు. దవాఖాన ఎట్లుంది మామా అని నేను అడిగితే, "అన్నం గలీజు, పరుపు గలీజు" అని తిట్టాడు. నాకు ధైర్యం వచ్చింది. ఇంటికి వచ్చాక సైదులన్న లొట్టి తెస్తూనే ఉన్నాడు. తాగేది నాలుగు గుటకలే, తిట్లు మాత్రం పూర్తిగానే వచ్చేవి.

ఒక పొద్దున నేను వాళ్ళ వాకిట్లో ఉన్న మోటరు స్టార్టరు చూడటానికి పోయాను. సైదులన్న అప్పుడే వచ్చాడు. మామను గోడకు ఆనించి కూర్చోబెట్టాం. అత్త రేక పట్టుకొని తాగించింది. ఎల్లమ్మకు చిలకరించడానికి ఆయన వేలు లేవలేదు, సైదులన్న ఆ వేలు పట్టి ముంచి చిలకరించాడు. మామ కొంచెం తాగాడు. నాలుకతో చప్పుడు చేయడానికి చూశాడు, రాలేదు. కిటికీలోంచి వాకిట్లో ఉన్న రాయిని చూశాడు.

"మంచిగున్నది రా సైదులూ" అన్నాడు.

అత్త రేక కింద పెట్టి గుడాల గిన్నె దగ్గరికి లాక్కుంది. సైదులన్న మంచం మీదికి వంగాడు.

"లేదు కాకా. సరిగ సూడు. పల్చగున్నది. నేనే నీళ్ళు కల్పిన."

"లేదురా. మంచిగున్నది."

"గుడాలు తిను జర. ఇయ్యాల అసలుకే ఉడకలె. రాళ్ళోలె ఉన్నయ్. తిని సూడు కాకా."

అత్త ఒక గుడం నలిపి నోట్లో పెట్టింది. మామ దాన్ని చాలాసేపు నోట్లో తిప్పాడు. సైదులన్న రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి దేవుడి ముందు కూడా అట్లా నిలబడగా నేను చూడలేదు.

"మెత్తగ ఉడికినయ్" అన్నాడు మామ.

ఆ మాట విన్న పక్కింటావిడ సంతోషపడింది. ఇన్నేండ్లకు ముసలాయన నోట మంచి మాట వచ్చిందని అందరికీ చెప్పడానికి పోయింది. సైదులన్న బయటికి వచ్చి రాయి పక్కన నేల మీద కూర్చున్నాడు. విప్పిన స్టార్టరును నేను మళ్ళీ బిగించలేకపోయాను. ఆ వారం దాటకుండానే మామ పోయాడు. సైదులన్న ఆ తర్వాత మోకు ఎత్తలేదు. ఒట్టు ఎప్పుడో వెనక్కి తీసుకున్నావు కదన్నా అంటే, "ఒట్టు కోసం కాదు తమ్మీ, ఎవలు తిట్టాలె?" అన్నాడు.

మ్యాపులో అభిప్రాయాలు చదివిన రోజు ఇదంతా గుర్తొచ్చి, నేను కూడా ఒకటి రాశాను. తెలుగులో కొట్టడం రాక నోటితో చెబితే ఫోనే రాసుకున్నది. ఎన్ని స్టార్లు అని అడిగింది. ఒక్కటి ఇచ్చాను.

దుకాణం కట్టేసి వెంచరు దాకా పోయాను. అక్కడ పెద్ద కమాను ఉంది, దాటితే తెల్లరంగు రాళ్ళు వరసగా ఉన్నాయి, ఒక్క ఇల్లు కూడా లేవలేదు. ఒకప్పుడు వేపచెట్టు ఉన్నచోటే కుర్చీ వేసుకొని సైదులన్న కూర్చున్నాడు. ఏమీ చెప్పకుండా ఫోను చేతికిచ్చాను. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని, వేలు కింద పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

'కల్లు పల్చగున్నది. గుడాలు ఉడకలె. రేపన్న జర మంచిది పెట్టు.'

సైదులన్న కుర్చీలోంచి లేచాడు. "ఎవడ్రా గిది రాసింది? గుడాలకేమైంది? మెత్తగ ఉడికినయ్. వాని పండ్లే ఊగుతున్నయ్, పోయి సూపిచ్చుకోమను!"

గట్టిగానే అరిచాడు. రోడ్డు మీద పోయే బండాయన ఆగి చూశాడు. అరిచి, ఫోను నాకు ఇవ్వకుండా మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి. ఎవరు రాశారని మళ్ళీ అడగలేదు.

"రేపన్న పెట్టుమన్నడు సూడు" అన్నాడు. "అంటే మల్ల వస్తడు తమ్మీ."